మోటారుకారులో ఎర్తు దోషము: కనుగొను విధము

మన తిరువళ్ళూరు, తిరుత్తణి పట్టణముల మీదుగా పోవు చెన్నై–తిరుపతి మార్గమున పాత అంబాసిడరు కారులు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచుండును. 1957లో మొదలైన వీని తయారీ 2014లో నిలిచిపోయినది. 1961 నుండి 1971 వరకు మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డు కారులను కూడ కొందరు అపురూపముగా కాపాడుకొనుచున్నారు. ఇట్టి కారు ఒక ఉదయమున కదలకున్నచో, బ్యాటరీ చెడినదని తలచి వేల రూపాయలు పెట్టి క్రొత్తది కొనువారు పలువురు. అయినను ఒక్కొక్కప్పుడు కారు కదలదు. ఏలయన, దోషము బ్యాటరీలో గాక తుప్పుపట్టిన ఒక బోల్టు క్రింద నుండును. దానిని కనుగొను విధమును ఈ పాఠమున తెలిసికొందము.

ఎర్తు అనగానేమి?

విద్యుత్తు ప్రవహించుటకు పూర్తియైన వలయము కావలెనని మనము తరగతిలో చదివియున్నాము. బ్యాటరీ యొక్క ఒక ధ్రువమునుండి బయలుదేరిన విద్యుత్తు దీపమునకో, హారనుకో పోయి రెండవ ధ్రువమునకు తిరిగి రావలెను. కారులో పోవు దారికి తీగ కలదు. తిరిగి వచ్చు దారి చాలవరకు కారు యొక్క ఇనుప శరీరమే. దీనినే మెకానిక్కులు 'బాడీ ఎర్తు' అందురు. ఇంటిలోని ఎర్తు తీగ నేలలో పాతిన లోహమునకు కలిసి మనలను షాకునుండి కాపాడును. కారు ఎర్తునకు నేలతో సంబంధము లేదు. కారు నిలిచియున్నది రబ్బరు టైర్లపై గదా! పేరు ఒకటే గాని పని వేరు.

ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును. రబ్బరు విద్యుత్తును పోనీయదు. కావున ఇంజనును శరీరమునకు కలుపుటకు అల్లిన రాగి పట్టీ నొకదానిని బిగింతురు. హెరాల్డు కారులో శరీరపు భాగములు చట్రముపై బోల్టులతో బిగింపబడి యుండుటచే అతుకులు హెచ్చు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన ప్రాంతమున కురియు ఈశాన్య ఋతుపవన వర్షముల తేమ ఈ అతుకులలో చేరి తుప్పు పట్టించును.

దీపము వెలుగును, ఇంజను తిరుగదు: ఏల?

జర్మనీ దేశీయుడైన ఓమ్ 1827లో ప్రకటించిన నియమము ఇచట అక్కరకు వచ్చును. ప్రవాహమును నిరోధముతో గుణించినచో వోల్టేజి నష్టము తెలియును. బ్యాటరీ ఎర్తు అతుకున తుప్పువలన 0.02 ఓముల నిరోధము చేరినదనుకొందము. రెండు హెడ్‌లైట్లు సుమారు 8 ఆంపియర్లు తీసికొన్నచో నష్టము 0.16 వోల్టు మాత్రమే. అది కంటికి తెలియదు. సెల్ఫ్ స్టార్టరుకై 150 ఆంపియర్లు ప్రవహించునప్పుడు నష్టము 3 వోల్టులు! 12 వోల్టులలో నాల్గవ వంతు ఆ అతుకుననే పోయి, 450 వాట్ల వేడిగా మారును.

పట్టీ పూర్తిగా తెగినచో అపాయము మరింత హెచ్చు. అప్పుడు విద్యుత్తు చోకు తీగ, యాక్సిలరేటరు తీగల ద్వారా దారి చేసికొనును. సన్నని ఆ తీగలు కాలి పొగ వచ్చును. సమీపముననే పెట్రోలు ఉండును. పొగ కనబడినచో వెంటనే స్టార్టరు వదలవలెను.

మరియొక గుర్తు కలదు. బ్రేకు తొక్కినప్పుడు, మనము వేయని ప్రక్క దీపము కూడ మసకగా వెలుగుట. ఆ దీపపు గూటికి ఎర్తు తెగియుండుటచే, విద్యుత్తు ప్రక్క దీపము గుండ దొడ్డిదారిన తిరిగి పోవుచున్నదన్నమాట.

పరీక్షించు క్రమము

ఈ పరీక్షను పెద్దల సమక్షముననే చేయవలెను. దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను అంటుకొనును. గేరును న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, ఇంజను అంటుకొనకుండ ఇగ్నిషను కాయిలుకు వచ్చు తీగను విప్పవలెను.

వోల్టుమీటరు యొక్క ఒక తీగను బ్యాటరీ ఎర్తు ధ్రువపు సీసముపై నుంచి, రెండవదానిని ఇంజను యొక్క శుభ్రమైన లోహమునకు తాకించవలెను. వేరొకరు స్టార్టరు నొక్కునప్పుడు మీటరు అర వోల్టునకు మించి చూపినచో ఎర్తు మార్గమున దోషమున్నది. మించనిచో స్టార్టరును, దాని తీగను, బ్యాటరీని పరీక్షింపవలెను. ఎర్తు దోషమే యైనచో రెండవ తీగను బ్యాటరీ క్లాంపు, కారు శరీరము, ఇంజను అను క్రమమున తాకించి మరల చూడవలెను. ఏ రెండు చోట్ల నడుమ అంకె ఒక్కసారిగా పెరిగినదో, దోషము అచటనే కలదు.

బాగుచేయుట

పనికి ముందు బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. పని ముగిసిన పిమ్మట దానినే చివర బిగింపవలెను. పాత బ్రిటిషు కారులు పెక్కింటిలో ధన ధ్రువమే శరీరమునకు కలిసియుండును గనుక ఏ ధ్రువము ఎర్తో మొదట గుర్తింపవలెను. అతుకు విప్పి, రంగును తుప్పును గరుకు కాగితముతో లోహము మెరయువరకు తీసి, గట్టిగా బిగించి, పైన వాజలైను పూయవలెను. పట్టీ తీగలు తెగియున్నచో క్రొత్త పట్టీ వేయవలెను. దాని వెల బ్యాటరీ వెలలో స్వల్ప భాగమే.

తరగతిలో కంఠస్థము చేసిన సూత్రమే మెకానిక్కు షెడ్డులో డబ్బును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును కాపాడును. కొలిచి చూచిన తరువాతనే కొనుట మేలు.

ప్రశ్నలు

1. ఇంజనుకు ప్రత్యేకముగా రాగి పట్టీ ఏల కావలెను?
2. అతుకున 0.01 ఓము నిరోధమున్నచో 150 ఆంపియర్లకు వోల్టేజి నష్టమెంత?
3. బ్యాటరీ ఎర్తు తీగను మొదట ఏల విప్పవలెను? ఇంటిలో పెద్దలతో చర్చించి వ్రాయుడు.