డ్రిల్లింగు మిషనుకు ఎట్టి చక్కు కావలెను?

అమీన్‌పూర్ 2018లో పురపాలక సంఘమైనది. అంతకు పూర్వము అదియు మన గ్రామములవలె పంచాయతీయే. 1960వ దశకములో రామచంద్రాపురము వద్ద భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము, తరువాతి దశకములో పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఏర్పడగా, చుట్టుపట్ల పల్లెల యువకులు పలువురు నాగలి విడిచి యంత్రముల వద్ద పనికి చేరిరి. అట్టివారి చేతికి మొట్టమొదట వచ్చు యంత్రములలో డ్రిల్లింగు మిషను ఒకటి. ఇప్పుడది పంచాయతీ కార్యాలయములకు కూడ వచ్చినది. వీధిదీపము క్లాంపు బిగించుటకు, బడి గేటుకు బందు వేయుటకు, కుళాయి గొట్టము గోడకు పట్టించుటకు అది కావలసియున్నది. కొనుగోలుకు ఆమోదము తెలుపు సభ్యులు మిషను ధర విచారింతురు గాని, బిట్టును పట్టియుంచు చక్కును గూర్చి విచారించుట అరుదు. పని చెడుటకును, చేయి తెగుటకును అక్కడనే కారణ మున్నది.

చక్కులో మూడు ఇనుప దవడలుండును. అవి దగ్గరకు వచ్చి బిట్టును నొక్కి పట్టును. పూర్వము వీనిని పానాతో బిగించెడివారు. అట్లు బిగించుచు వ్రేళ్ళ కణుపులు గీచుకొనిన ఆర్థర్ జేకబ్స్ అను అమెరికా దేశస్థుడు పండ్లుగల కీతో బిగించు చక్కును కనిపెట్టి 1902లో పేటెంటు పొందెను. నేటి కీ చక్కు అదియే. కీ లేని చక్కును చేతితో త్రిప్పినచో చాలును. బిట్టు మార్చుట క్షణములో పని. పైగా రంధ్రము చేయునపుడు కలుగు బరువునకు అది తనంతట తాను మరికొంత బిగియును.

మరి కీ చక్కు ఎందుకు? రంధ్రము పెద్దదగు కొలది బిట్టును త్రిప్పు బలము మిక్కిలి పెరుగును. మందమైన ఇనుప పలకలో 10, 12 మిల్లీమీటర్ల రంధ్రము చేయునపుడు, చేతి బిగింపు చాలక గుండ్రని కాడ దవడలలో జారును. జారిన కాడపై గీతలు పడును. అట్టి బిట్టు మరల నిలకడగా నిలువదు. కీతో మూడు రంధ్రములలోను వరుసగా బిగించినచో ఈ బాధ చాలవరకు తప్పును. చాలమంది ఒక్క రంధ్రములోనే బిగించి విడిచెదరు. అది సగము పనియే. కొయ్యపని, రేకు, స్క్రూలు బిగించుట మొదలగు చిన్న పనులకు, మాటిమాటికి బిట్టు మార్చవలసినచోట కీ లేని చక్కే మేలు. కాని మిషనును వెనుకకు త్రిప్పునపుడును, అదురు ఎక్కువైనపుడును అది సడలవచ్చును. కాంక్రీటు పనికి ఈ రెండును తగవు. దానికై 1975లో బాష్ సంస్థ తెచ్చిన ఎస్.డి.ఎస్. పద్ధతి గల హేమరు మిషనును అద్దెకు తెచ్చుకొనుట మంచిదని మా అభిప్రాయము.

ఇక ప్రమాదము మాట. కీ చక్కుతో పెద్ద భయ మేమనగా, కీని చక్కులోనే మరచి మిషను నడుపుట. నిమిషమునకు వేయిసార్లకు పైగా తిరుగు చక్కునుండి ఆ కీ రాయివలె ఎగిరివచ్చి కన్నో, పన్నో తీయును. చేయి తీయగానే తానే బయటకు వచ్చు స్ప్రింగు కీలు దొరకును. బెంచి డ్రిల్లుకు అవియే కొనవలెను. చేతి మిషనుకు మరియొక ఉపాయము కలదు. కీని కరెంటు తీగకు, ప్లగ్గు దగ్గరగా కట్టియుంచవలెను. అప్పుడు ప్లగ్గు పీకనిదే కీ చక్కును చేరదు. కీ పోగొట్టుకొనుట కూడ తప్పును. మన కార్యాలయములలో వస్తువు లెట్లు పోవునో సభ్యులకు చెప్పనక్కరలేదు. కీ లేని చక్కు గలవారు, తిరుగుచున్న చక్కును చేతితో పట్టి బిట్టు వదులు చేయు అలవాటు మానవలెను. దానివలన అరచేయి చీలును. ఏ చక్కు దగ్గరనైనను కండువా, చేతితొడుగు ఉండరాదు. గుడ్డను పట్టిన యంత్రము చేతిని కూడ లాగుకొనును.

కొనునపుడు చక్కు కొలత, 10 మిల్లీమీటర్లా 13 మిల్లీమీటర్లా యన్నది, ఇండెంటులో వ్రాయుడు. చక్కు అరిగినచో మిషను మొత్తము మార్చ నక్కరలేదు. ముందుకు వెనుకకు తిరుగు చేతి మిషనులలో పెక్కింటికి, దవడలు పూర్తిగా తెరచినచో లోపల అడుగున ఒక స్క్రూ కనబడును. అది ఎడమ మర గలది. కనుక దానిని కుడివైపునకు త్రిప్పి తీసి, తరువాత చక్కును ఎడమవైపునకు విప్పవలెను. అదే మర కొలత గల కొత్త చక్కును, కీ గలదైనను లేనిదైనను, దానికి బిగించుకొనవచ్చును.