కొండ ఊళ్ళ బాస్కెట్‌బాల్

ఈసారి గోడపత్రికకు ఆట గురించి వ్రాస్తానంటే మా రూమువాళ్ళు క్రికెట్ అనుకున్నారు. కాదు, బాస్కెట్‌బాల్. అది కూడా మెక్సికో దేశంలోని ఆదివాసుల బాస్కెట్‌బాల్.

మెక్సికో దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. అట్లాసులో ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను "ఓక్సాకా" అని చదివాను, సోషల్ సారు నవ్వి సరిదిద్దారు. అదంతా కొండలే. అక్కడ జపోటెక్, మిక్స్‌టెక్, మీహె, త్రికి మొదలైన ఆదివాసీ జాతులవారు ఉంటారు. స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ ఆ నేల వాళ్ళదే. ఎవరి భాష వాళ్ళకుంది.

బాస్కెట్‌బాల్ మాత్రం వాళ్ళది కాదు. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు కనిపెట్టిన ఆట. 1934 నుంచి 1940 వరకు లాజరో కార్డెనాస్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు మెక్సికో ప్రభుత్వం పల్లె బడుల ద్వారా ఈ ఆటను కొండ ఊళ్ళకు పంపింది. ఆదివాసులందరినీ స్పానిష్ మాట్లాడే ఒకే మెక్సికో జాతిగా కలిపివేయాలని సర్కారు ఆలోచన. జరిగింది వేరు. కొండవాళ్ళు ఆటను తీసుకొని తమ పండుగలో కలిపేసుకున్నారు.

ఫుట్‌బాల్ ఎందుకు కాలేదు? లెక్క వేయండి. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. అనగా 420 చదరపు మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లు, 68 మీటర్లు. అనగా 7,140. ఒక ఫుట్‌బాల్ మైదానంలో 17 కోర్టులు పడతాయన్నమాట. ఏటవాలు కొండ మీద అంత చదును నేల ఎక్కడ దొరుకుతుంది? కోర్టుకైతే సరిపోతుంది. ఊరంతా కూలి తీసుకోకుండా కలిసి చేసే పనిని వాళ్ళు తెకియో అంటారు. మన ఊళ్ళో ఒకరి ఇల్లు కప్పుతుంటే అందరూ పోయినట్టే. కోర్టులు కూడా అట్లా వేసుకున్నవే. ఊరి సభ ఆ కోర్టులోనే, పండుగ నాట్యం అక్కడే, బాకాల మేళం అక్కడే.

గెలతావో అనే చిన్న ఊరిలో ప్రతి సంవత్సరం మార్చిలో పెద్ద పోటీ జరుగుతుంది. 1806 మార్చి 21న ఆ ఊళ్ళో పుట్టిన జపోటెక్ పిల్లవాడు బెనీటో హువారెజ్ తరువాత మెక్సికోకు అధ్యక్షుడయ్యాడు. పోటీకి ఆయన పేరే పెట్టారు. చుట్టుప్రక్కల కొండ ఊళ్ళ జట్లన్నీ అక్కడికి దిగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. కొండ మీద మొక్కజొన్న పండిస్తే ఇల్లు గడవక చాలామంది అమెరికాకు వలసపోయారు. లాస్ ఏంజిల్స్ నగరంలో హోటల్ వంటిళ్ళలో, బట్టలు కుట్టే చోట్ల పనికి కుదిరారు. అందులో ఎందరికో కాగితాలు లేవు. ఊరికి పండుగకని వెళితే మళ్ళీ సరిహద్దు దాటి రావడం కష్టం. తల్లి చనిపోయినా వెళ్ళలేనివాళ్ళు ఉన్నారు. అందుకని పండుగనే అక్కడికి తెచ్చుకున్నారు. ఆదివారం పార్కులో కోర్టు దగ్గర చేరతారు. ఊరికొక జట్టు, బనియను మీద ఊరి పేరు. బాకాల మేళం వాయిస్తుంది. ఆడవాళ్ళు పొట్టులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు అమ్ముతారు. వచ్చిన డబ్బు ఊరికి పంపితే అక్కడ చర్చికో, బడికో, రోడ్డుకో పనికొస్తుంది. అమెరికాలో పుట్టిన పిల్లవాడు ఆ ఊరు ఎన్నడూ చూసి ఉండడు. అయినా ఆ పేరు వేసుకొని ఆడతాడు, అవ్వ ఊరు ఏదంటే చెప్తాడు.

ఇది ఊరకే సరదా కాదు. ఆదివాసులను తోటి మెక్సికోవాళ్ళే పొట్టివాళ్ళని, నల్లవాళ్ళని ఎగతాళి చేస్తారు. "వహాకీతా" అనే మాటే ఒక తిట్టు. ఆ బాధకు కొందరు పిల్లలు ఇంటి భాష నోట పలకరు. లాస్ ఏంజిల్స్‌కు దగ్గరలోని ఆక్స్‌నార్డ్ ఊరిలో వలస ఆదివాసులు దీనిమీద పోరాడగా, 2012లో అక్కడి బడుల బోర్డు ఆ మాటలు వాడకూడదని తీర్మానం చేసింది. ఇక్కడ ఎవరి గురించి వ్రాస్తున్నానో కొందరికి తెలుస్తుంది. పేర్లు వ్రాయను.

కాని ఆట ఒక్కటే భాషను కాపాడలేదు. అక్కడ పెరిగే పిల్లలకు ఇంగ్లీషు, స్పానిష్ వస్తున్నాయి, జపోటెక్ తగ్గుతోంది. ఊరి పేరు బనియను మీద ఉంటుంది, మాట నోట్లో ఉండదు. ఈ విషయంలో నాకు వహాకాలోని ఒక శిక్షణ బృందం పద్ధతి నచ్చింది. సెర్హియో సూనిగా అనే కోచ్ త్రికి పిల్లలకు నేర్పుతూ మూడు షరతులు పెట్టాడు. చదువులో మంచి మార్కులు రావాలి, ఇంటిపని చేయాలి, తమ భాష మాట్లాడాలి. ఆ పిల్లలే 2013లో అర్జెంటీనాలోని కోర్డోబాకు వెళ్ళి చిన్నపిల్లల అంతర్జాతీయ పోటీలో గెలిచారు. చాలామంది చెప్పులు, బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతోనే ఆడారు. అవతలి జట్ల పిల్లలు వీళ్ళకంటే పొడుగు. వీళ్ళది పరుగు.

క్రింద మ్యాపు గీశాను. ఎర్ర చుక్క వహాకా, నీలం చుక్క లాస్ ఏంజిల్స్. మధ్యలో గీసిన అడ్డగీత సరిహద్దు. స్కేలు సరిగ్గా రాలేదు, అట్లాసు కావలసినవాళ్ళు నన్ను అడగండి.