ఉష్ణమాపకములు – వాని యుపయోగము

వేసవిలో ఎండ తగులు గోడకు థర్మామీటరును వ్రేలాడదీసి, నేడు ఏబది డిగ్రీలున్నదని చెప్పువారు కలరు. ఆ పరికర మసత్యమాడలేదు. ఏ ఉష్ణమాపకమైనను చెప్పునది తన యుష్ణోగ్రతను మాత్రమే. ఎండలోనున్న గాజుగొట్టము సూర్యకిరణములను గ్రహించి, చుట్టునున్న గాలికంటె మిక్కిలి వేడెక్కును. గాలి వేడిమి నెఱుంగగోరువారు దానిని నీడలో, గాలియాడుచోట నుంచవలెను.

ఇందులకై 19వ శతాబ్దమున థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు ఇంజనీరు ఒక పెట్టెను కల్పించెను. (ఈయన కథారచయితయగు రాబర్టు లూయీ స్టీవెన్‌సనునకు తండ్రి.) తెల్లరంగు పూసి, ప్రక్కల ఏటవాలు పలకలమర్చిన యీ కొయ్యపెట్టె నేలకు సుమారు నాలుగడుగుల యెత్తున నిలుచును. మన దేశమున దీని తలుపు ఉత్తరముగా నుండును. తెఱచినపుడు ఎండ లోపల పడదు. అందలి గరిష్ఠోష్ణమాపకమున గొట్టపు మెడ సన్నమైనందున, పైకెక్కిన పాదరసము తనంతట క్రిందికి రాదు. మఱియొక దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టబడియుండును. అది పొడిదానికంటె ఎంత తక్కువ చూపిన గాలి యంత పొడిగా నున్నదని యర్థము. రెండును దగ్గరగా నున్నచో చెమట యాఱదు, దేహము చల్లబడదు. అట్టి వేడి మిగుల ప్రమాదకరము.

హసన్‌పర్తికి సమీపమున హనుమకొండలో భారత వాతావరణశాఖవారి పరిశీలనకేంద్రము కలదు. మైదానములందు గరిష్ఠోష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు చేరినచో వడగాలియనియు, 47 చేరినచో తీవ్రమైన వడగాలియనియు ఆ శాఖవారు పరిగణింతురు. ఎండలో పనిచేయు కూలివానికి రెండు డిగ్రీల తప్పు స్వల్పము కాదు.

పాదరసము 357 డిగ్రీల వద్ద మరుగును. కావున రామగుండము విద్యుత్కేంద్రమునందలి కొలుములవంటి చోట్ల నది పనికిరాదు. అచ్చట రెండు వేర్వేరు లోహపు తీగలను ఒకకొన కలిపి వాడుదురు. కొనల వేడిమియందు భేదమున్న విద్యుత్తు పుట్టునని 1821లో జర్మనీ శాస్త్రజ్ఞుడు సీబెక్ కనుగొనెను. ప్లాటినము తీగ మార్గము వేఱు: 0 డిగ్రీల వద్ద 100 ఓములుండు దాని నిరోధము 100 డిగ్రీల వద్ద 138.5 ఓములగును. తమంతట తామే లెక్కలు పంపు వాతావరణకేంద్రములందు దీనిని తరచుగ వాడుదురు.

పాదరసపు ఆవిరి విషము గనుక జ్వరమునకు నేడు విద్యుత్పరికరములు వచ్చినవి. థర్మామీటరు పగిలినచో పాదరసమును చీపురుతో నూడ్వరాదు, చేత ముట్టరాదు. కిటికీలు తెఱచి, గట్టి కాగితముతో ప్రోగుచేయవలెను.

2020లో అంటువ్యాధి కాలమున నుదుటికెదురుగా పట్టిన పరికరము దేహమునుండి వెలువడు పరారుణ కిరణములను కొలుచును. అది చూపునది చర్మపు వేడిమియే. ఎండలో నడచివచ్చిన బాలునకు జ్వరము లేకున్నను లెక్క యెక్కువగా రావచ్చును. కొంతసేపు నీడలో కూర్చుండబెట్టి, చెమట తుడిచి, మరల కొలువవలెను.