కన్నులు భుజించు ఆహారము

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయము చివర, సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశములో, ఆహారశుద్ధితో ఆరంభమై హృదయగ్రంథుల విముక్తితో ముగియు నొక సోపానక్రమము చెప్పబడినది. ఇందు ఆహారమనగా నేమి? శ్రీశంకరులు ఆ పదమునకు విస్తృతమైన అర్థము చెప్పిరి. శబ్దము, రూపము మున్నగు విషయములను ఇంద్రియముల ద్వారా లోనికి కొనితెచ్చుకొనుట యంతయు ఆహారమే; అది రాగద్వేషమోహములు సోకకుండ లోనికి వచ్చుటయే శుద్ధి. శ్రీరామానుజులు నోటితో తినెడు అన్నమునే గ్రహించి, దాని జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములను విచారించిరి. వివేకానందస్వామి తమ ‘భక్తియోగము’లో ఈ రెండు వ్యాఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి, రెండును సాధకునకు అవసరమే యని తేల్చిరి.

ఈ రెండర్థములను ఒక్కసారిగా పరీక్షకు పెట్టు వింతవస్తువొకటి నేడు యువకుల చేతిలో నున్నది. ఒకడు కెమెరా యెదుట కూర్చుండి పదిమందికి సరిపడు భోజనమును తినుచుండును. వేలకొలది జనులు తమతమ ఫోనులలో దానిని చూచుచుందురు. 2010 ప్రాంతమున దక్షిణ కొరియాలో ఈ యాచారము ప్రబలినది. ‘తినుట’, ‘ప్రసారము’ అను రెండు కొరియా మాటలు కలిసి ‘మొక్‌బాంగ్’ అయినది. నేడది తెలుగునాటను, హిందీ సీమలోను ఇంటింటి వస్తువు.

బస్తరు అడవులను సయితము అది విడువలేదు. అచటి సంతలలో ఎఱ్ఱచీమలను, వాని గ్రుడ్లను ఉప్పు మిరపకాయలతో నూరిన ‘చాప్డా’ పచ్చడి దొన్నెలలో అమ్మబడును. చీమలలోని ఆమ్లము వలన దానికి చక్కని పులుపు. అది ఆదివాసుల నిత్యజీవనములోని సాధారణమైన వ్యంజనము. దూరప్రాంతముల నుండి కెమెరాలతో వచ్చు వారిలో కొందరికి మాత్రము అది వినోదవస్తువు. నోట నుంచుకొని ముఖము వికారముగా పెట్టుటయే వారు చూపదలచిన దృశ్యము. దొన్నె అందించిన స్త్రీ ఆ దృశ్యములో ఒక అంచున నిలిచియుండును. ఇతరుల అన్నమును చూచి నవ్వుట ఏ ధర్మశాస్త్రమును అంగీకరింపని పని. ఈ దోషము తినువానిది. చూచువానిలో జరుగునది ఇంకను సూక్ష్మమైనది.

అన్నమును చూచినంతనే నోట నీరూరుట అందరెఱిగినదే. జీర్ణక్రియపై పరిశోధనకు 1904లో నోబెలు బహుమానమందిన పావ్లోవు, నాలుకపై మెతుకు పడకమునుపే జీర్ణరసములు స్రవించునని కుక్కలయందు నిరూపించెను. 2012లో మ్యూనిక్ నగర పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులకు ఆహార చిత్రములను చూపగా, ఆకలి పుట్టించు ‘గ్రెలిన్’ అను రసము వారి రక్తములో హెచ్చినది. చిత్రమునకే ఇంత శక్తి యున్నప్పుడు, అర్ధరాత్రి గంటసేపు సాగు చలనచిత్రము మాట వేఱుగ చెప్పవలయునా? అట్టి ఆకలి కడుపున పుట్టినది కాదు, కన్నున పుట్టినది. తీర్చుటకు మాత్రము కడుపే దొరకును.

“మేము తినము, చూచి తృప్తి పడుదుము, బరువు తగ్గించుకొనుటకు ఇది ఉపాయము” అనువారు కొందరు గలరు. వీరి విషయమున 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో జరిగిన ప్రయోగము తలపునకు వచ్చును. యుద్ధానంతరము క్షామపీడితులకు ఎట్లు ఆహారమీయవలెనో తెలిసికొనుటకై 36 మంది యువకులు స్వచ్ఛందముగా ఆఱుమాసములు సగము తిండితో గడపిరి. శరీరములు శుష్కించిన కొలది వారి మనస్సులు అన్నముచుట్టునే తిరుగజొచ్చెను. పూర్వము వంటయింటి ముఖమైన నెఱుగని వారు పాకశాస్త్ర గ్రంథములను ప్రోగుచేసి, నవలలవలె చదివిరి. వారి ఆకలి ఆ చదువుతో తీరలేదు. నిరాహారునకు విషయములు తొలగినను వానియందలి రుచి తొలగదని గీత ద్వితీయాధ్యాయము చెప్పినది దీనినే. కర్మేంద్రియములను బిగించి మనస్సుతో విషయములను నమలుచుండువానికి తృతీయాధ్యాయము పెట్టిన పేరు మిథ్యాచారుడు. అది కొంత కఠినమైన మాటయే.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులు గలవు. ఒకటి ఫలము తినును, రెండవది తినక చూచును. ఫోనును చూచువాడును తినక చూచుచున్నాడు గదా, వాడు సాక్షియా? ఎంతమాత్రము కాదు. ఆ రెండవ పక్షికి ఫలముపై ఆశ లేదు. వీనికి నోరు కదలకున్నను ఆశ కదలుచున్నది. నిజమునకు వీడు మొదటి పక్షియే, ఫలము దక్కని మొదటి పక్షి.

ఐనను వీనిని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. చూచువారిలో పలువురు ఒంటరులు. పట్టణపు గదిలో ఒక్కడే పళ్లెము ముందు కూర్చున్న విద్యార్థికి ఎదుట మఱియొకరు తినుచు మాటలాడుచున్నట్లు తోచుట ఊరట. 2020లో స్వీడను పరిశోధకులిద్దరు ఇట్టి ప్రేక్షకుల మాటలను పరిశీలింపగా, కొందరు దానివలన ఒంటరితనము తగ్గెననిరి. మఱికొందరు అతిగా తినుటకో, బొత్తిగా మానుటకో అదియే ప్రేరకమైనదని వాపోయిరి. భోజనవిషయమున మనస్సు ముందే రోగగ్రస్తమైనవారికి అపాయము హెచ్చు. అట్టివారు వైద్యుని సలహా పొందవలెను. ప్రభుత్వములు కూడ మేల్కొన్నవి. స్థూలకాయ నివారణలో భాగముగా 2018లో దక్షిణ కొరియా ఈ ప్రసారములకు మార్గదర్శక సూత్రములను ప్రతిపాదించినది. 2021లో చైనా అన్నవ్యర్థ నిషేధ శాసనము చేసి, అతిభక్షణ ప్రసారములకు జుల్మానా విధించినది. మన దేశములో, పోషకాహారలోపము గల బిడ్డలకు వేడి భోజనము పెట్టుటకై 2019లో సుపోషణ ఉద్యమమును బస్తరు సీమలోని దంతెవాడలోనే మొదట ప్రయత్నించిరి. ఒకే ఊరిలో ఆ భోజనము, ఈ దృశ్యము రెండును చేరుచున్నవి.

ఆ ఒంటరి విద్యార్థి వెదకుచున్నది పంక్తి. బస్తరులో అది ఇంకను చెడలేదు. పనికి పోవువారు సొరకాయబుఱ్ఱలో చోళ్ల అంబలి నింపుకొని పోయి, చెట్టునీడన కలిసి త్రాగుదురు. జీలుగుకల్లు సయితము ఒంటరి పానీయము కాదు. పానము మంచిదని దీని భావము కాదు. క్రొత్తవడ్లు వచ్చినప్పుడు ‘నవాఖాని’ జరుగువరకు గింజ నోట పెట్టరు. మన కోయల కొత్తల పండుగ దీనికి తోబుట్టువు. పైరు కన్నులయెదుటనే పండును, బిడ్డలును చూచుచునే యుందురు. దేవతకును పితరులకును నివేదన కావలెను. పిదప ఇంటివారందరు కలిసి కూర్చుండి, ఆకులలో వడ్డించిన ఆ క్రొత్త అన్నమును తిందురు.