ఒక ఫిరంగి - రెండు బండ్లు

ధాన్యం బస్తాల బండి బురదలో దిగబడితే బాపట్ల రైతు ఏం చేస్తాడు? కొన్ని బస్తాలు దింపి, రెండు విడతలుగా తోలుతాడు. చక్రాల మీద బరువు తగ్గితే అవి నేలలోకి అంతగా దిగవు.

జపాను సైన్యం 1915లో ఇదే సూత్రాన్ని ఒక ఫిరంగికి వాడింది. దాని బరువు సుమారు 2,800 కిలోలు. 36 కిలోల గుండును 9 కిలోమీటర్లకు పైగా విసిరేది. ప్రయాణంలో గొట్టాన్ని విడదీసి వేరే బండిపై ఉంచేవారు. ఒక్కొక్క బండికి ఆరేసి గుర్రాలు.

పన్నెండు గుర్రాలనూ ఒకే బండికి కట్టవచ్చు గదా అంటారా? లాగే బలం పెరుగుతుంది. కాని చక్రాల మీది బరువు తగ్గదు.

అయితే కాల్చేముందు గొట్టాన్ని తిరిగి బిగించాలి. యుద్ధంలో ఆ ఆలస్యం ప్రాణాల మీదికి తేవచ్చు. 1930లలో వచ్చిన కొత్త ఫిరంగిని ట్రాక్టరుతో లాగించారు.