గొట్టం పొడవు, స్వరం లోతు: కారు బేస్ పెట్టె చెప్పే పాఠం

ఏటా ఈ సంచికకు చదువు గురించి ఏదో ఒకటి రాస్తూ వస్తున్నాము. ఈసారి పాఠం తరగతి గదిలో పుట్టలేదు, ఒక కారు డిక్కీలో పుట్టింది.

పుల్లలచెరువులో మా దగ్గర పదో తరగతి వరకు చదివిన ఒక కుర్రవాడు ఇప్పుడు మార్కాపురంలో కార్లకు సౌండ్ సిస్టమ్ బిగించే పనిలో ఉన్నాడు. ఒక ఆదివారం దిగులు ముఖంతో వచ్చాడు. అతను చేసిన సబ్‌వూఫర్ పెట్టెను గిరాకీ వెనక్కి తెచ్చాడట. ఏ పాట పెట్టినా ఒకటే మోత, లోతైన బేస్ లేదు. చెక్క ఖర్చు తన కూలిలో కోస్తారని అతని భయం.

"గొట్టం ఎంత పొడవు పెట్టావు నాయనా?" అని అడిగాము.

"ఇరవై సెంటీమీటర్లు సార్. అందరూ అంతే పెడతారు."

"ఎందుకు అంతే?"

జవాబు లేదు. మా పాఠం అక్కడ మొదలైంది.

బిందె నిండేటప్పుడు శబ్దం వినండి. నీరు పైకి వచ్చేకొద్దీ స్వరం సన్నబడుతుంది. లోపలి గాలి తగ్గడమే కారణం. బేస్ పెట్టెలో జరిగేది దీనికి దగ్గరి విషయమే. పెట్టెలోని గాలి స్ప్రింగు లాంటిది, గొట్టంలోని గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువు. రెండూ కలిసి ఒక వేగంతో ఊగుతాయి. పెట్టె పెద్దదైతే స్ప్రింగు మెత్తబడుతుంది, గొట్టం పొడవైతే బరువు పెరుగుతుంది. ఎలా చేసినా ఊగడం నెమ్మదిస్తుంది, అంటే స్వరం లోతవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఈ సూత్రాన్ని వివరించాడు. గొట్టం ఉన్న స్పీకర్ పెట్టెకు అమెరికాలో ఆల్బర్ట్ థురాస్ 1932లో పేటెంటు పొందాడు.

అసలు పెట్టె ఎందుకు? స్పీకర్ ముందుకు నెట్టిన గాలి వెనుకకు తిరిగొచ్చి, వెనుక పుట్టిన అలతో కలిసి రద్దయిపోతుంది. 35 హెర్ట్జ్ స్వరానికి ఒక్కో అల పొడవు దాదాపు 10 మీటర్లు. ఆ రెండు అలలను విడదీయకపోతే బేస్ మిగలదు.

కుర్రవాడి చేతికి కాగితం ఇచ్చి లెక్క చేయించాము. పెట్టె లోపలి కొలతలు 40, 40, 35 సెంటీమీటర్లు. గుణిస్తే 56 లీటర్లు. గొట్టం ఆక్రమించే చోటు సుమారు 3 లీటర్లు, స్పీకర్ వెనుక భాగం, లోపలి అడ్డచెక్కలు కలిపి మరో 3 తీసేస్తే 50 లీటర్లు మిగిలాయి. గొట్టం లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు. 35 హెర్ట్జ్ కావాలనుకున్నాము.

ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లు. దాని వర్గాన్ని గొట్టం నోటి వైశాల్యం 0.00785 చదరపు మీటర్లతో గుణిస్తే 934. ఇది పైన. కింద 39.5, అంటే 4 పై వర్గం. దాన్ని 35 వర్గంతో, 0.05 ఘనపు మీటర్లతో గుణిస్తే 2419. భాగిస్తే 0.386 మీటరు, అంటే 38.6 సెంటీమీటర్లు. గొట్టం రెండు చివరల బయటి గాలి కూడా కొంత కలిసి ఊగుతుంది కాబట్టి వ్యాసంలో 0.73 వంతు, అంటే 7.3 తీసేయాలి. మిగిలింది 31 పైచిలుకు.

అతను పెట్టింది 20. వెనక్కి లెక్కిస్తే ఆ పెట్టె దాదాపు 42 హెర్ట్జ్ దగ్గర మోగుతోంది. మోతకు కారణం దొరికింది. పెట్టె పారేయనక్కరలేదు, గొట్టం మారిస్తే చాలు.

బిగించే ముందు మరి కొన్ని జాగ్రత్తలు రాయించాము. చెక్క 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. అయితే మేలు. జిగురు, స్క్రూల తర్వాత లోపలి అతుకులన్నిటికీ సిలికాన్ పూయాలి. గొట్టం లోపలి చివరకు, వెనుక పలకకు మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి. గొట్టాన్ని ముందు కాస్త పొడవుగా కోసి, తర్వాత తగ్గించుకోవాలి. కోసిన ముక్క పెరగదు కదా. బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. లేకపోతే తీగ ఒరుసుకుని షార్ట్ అయిన రోజు కారే కాలుతుంది.

పరీక్ష సులువు. ఫోనులో ఒక్కో స్వరాన్ని తక్కువ శబ్దంతో మోగిస్తూ స్పీకర్ కాగితాన్ని చూడాలి. అది అన్నిటికన్నా తక్కువగా కదిలి, గొట్టం నుంచి గాలి గట్టిగా తగిలే చోటే పెట్టె స్వరం. అంతకన్నా కిందికి వెళితే పెట్టె గాలి స్పీకర్‌ను ఆపలేదు, అది అదుపు తప్పి చెడుతుంది. అందుకే ఆంప్లిఫయర్‌లో 30 హెర్ట్జ్ కిందివి, 80 హెర్ట్జ్ పైవి అడ్డుకునేలా ఫిల్టర్లు పెట్టించాము. గెయిన్ అంటే శబ్దం పెంచే మీట కాదు, రెండు పరికరాల మట్టం కలిపే మీట అని కూడా చెప్పాము.

పై వారం అతను ఫోన్ చేశాడు. "సార్, ముప్ఫై ఆరు దగ్గర ఆగింది. గిరాకీ తీసుకెళ్లాడు." ఆ గొంతులోని సంతోషం ఏ మార్కుల జాబితాలోనూ మేము చూడలేదు.

ఇంకొక మాట. రోజంతా ఈ శబ్దాల మధ్య పనిచేసే పిల్లల చెవులు ఏమవుతాయి? 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు దాటవద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. పోయిన వినికిడి తిరిగి రాదు. పక్కవారి నిద్ర సంగతీ ఉంది. మన దేశపు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. లోతైన బేస్ గోడలను సైతం దాటుతుంది. మంచి పెట్టె చేయడం తెలిసినవాడికి దాన్ని ఎక్కడ తగ్గించాలో కూడా తెలిసి ఉండాలి.

పెద్దలారా, మన పిల్లల్లో చాలామంది పదో తరగతి తర్వాత పనిముట్టు పడతారు. పనిముట్టు కొనివ్వడం మేలే. దానితో పాటు ఒక కొలత టేపు, ఒక మల్టీమీటరు, చెవులకు రక్షణ, ఆదివారం ఒక గంట లెక్కల పాఠం ఇప్పించగలిగితే, "అందరూ అంతే పెడతారు" అనే పిల్లవాడు "ఇంతే ఎందుకు పెట్టాలో నాకు తెలుసు" అంటాడు. పాఠం చెప్పడానికి మేము సిద్ధం. గది, పనిముట్లు మీరు చూడండి.