చెత్తలో దాగిన పొదుపు

చెత్త వలన పట్టణమునకు రెండు విధముల వ్యయము కలుగును. దానిని ఎత్తి మోయుటకు కూలియు, బండియు, ఇంధనమును కావలెను. పారవైచుటకు భూమి కావలెను. ఈ వ్యయములో అధికభాగము ప్రజాధనమే. కాని ఆ చెత్తనే వేరుచేసినచో సరుకగును, కలిపినచో భారమగును.

ఇందులకు నిదర్శనము సికింద్రాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు. అచ్చట అమ్ముడుపోని కూరగాయలు, ఆకులు, తొడిమలు చేరి దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థము పోగగుచుండెను. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిపై అచ్చట బయోగ్యాస్ కేంద్రమును నెలకొల్పిరి. 2021 జనవరి నాటికి ఆ వ్యర్థము నుండి దినమునకు దాదాపు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల ఇంధనమును లభించుచుండెను. విద్యుత్తు మార్కెట్టు అవసరములకును, ఇంధనము అచ్చటి క్యాంటీను వంటకును ఉపయోగపడెను. పారవేయుటకు వ్యయమైన వస్తువే విద్యుత్తు బిల్లును తగ్గించినది.

ఇది జరుగు విధము సులభము. కూరగాయల వ్యర్థమును మెత్తగా చేసి, గాలి చొరని తొట్టిలో ఉంచగా సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొని, మండెడి మీథేను వాయువును పుట్టించును. మిగిలిన ముద్ద ఎరువగును. అయితే ప్లాస్టిక్కును, గాజును ఆ జీవులు జీర్ణించుకొనలేవు. మార్కెట్టు చెత్త చాలవరకు ఒకే జాతిది గనుక పని సుకరమైనది. ఇంటి చెత్త అట్టిది కాదు. దానిని ఇంటియందే వేరుచేయవలెను. తడి, పొడి, ప్రమాదకరము అని మూడు తెగలుగా విభజింపవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు విధించినవి.

పొడి చెత్తకును విలువ కలదు. పాత అల్యూమినియమును కరగించి మరల వాడినచో, ఖనిజము నుండి క్రొత్తగా తీయుటకు పట్టు శక్తిలో సుమారు 5 శాతమే చాలును. అసలు చెత్త పుట్టకుండ చూచుట ఇంకను మేలు. సిద్దిపేట ప్రాంతమున నెలకొల్పిన స్టీలు బ్యాంకులు శుభకార్యములకు పాత్రల నిచ్చి, ఒక్కసారి వాడి పారవైచు ప్లాస్టిక్కు పళ్లెములను, గ్లాసులను తగ్గించుటకు పూనుకొన్నవి.

2018లో పురపాలక సంఘమైన మంథని వంటి చిన్న పట్టణమునకు బోయిన్‌పల్లి యంతటి యంత్రము అక్కరలేదు. పెరటిలో ఎరువుగుంట, గుమ్మమున రెండు బుట్టలు, పాడైన బ్యాటరీలకును సూదులకును వేరొక డబ్బా చాలును. కాలువలో విసరిన సంచి వానకు కొట్టుకొనిపోయి గోదావరిని చేరగలదు. చెత్తలో కలిపిన గాజుపెంకు పారిశుద్ధ్య కార్మికుని చేతిని కోయును. ఆ గాయము ఏ పురపాలక లెక్కలోను కనబడదు. కాని దానిని తప్పించుటకు గృహస్థునకు ఒక్క కానియైనను ఖర్చు లేదు.

ఆలోచింపుడు: నేడు మీ యింటి నుండి వెడలిన చెత్తలో సరుకెంత, భారమెంత?